బాగున్న బిడ్డలు దొరకని వార్డు

మా అవ్వ బొమ్మక్క కోవిల్‌పట్టిలో ఒక ప్రసూతి వార్డులో ముప్పైయేళ్ళుగా ఆయా. బిడ్డ పుట్టగానే తల్లికి ఆమె చెప్పే మొదటి మాట: ఎవరడిగినా బాగుందనొద్దు, దిష్టి తగులుతుంది. బొద్దుగా ఉన్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఎండిన బెండకాయలా ఉందనేది. తల్లులంతా అదే నేర్చారు. నన్ను కోతిపిల్ల అంటుంది గానీ, అది దిష్టి భయంతో కాదని నా అనుమానం.

పోయినేడు విరుదునగర్ నుంచి బృంద అనే డాక్టరు వచ్చింది. పుట్టేటప్పుడు మెదడు దెబ్బతింటే అందులోని కొన్ని ప్రోటీన్లు నెత్తుట్లోకి దిగుతాయట. ఎంత ఉంటే ఎక్కువో తెలియాలంటే బాగున్న బిడ్డల్లో ఎంత ఉంటుందో ముందు చూడాలి. అందుకని నలభైమంది బిడ్డల మడమ నుంచి నాలుగేసి చుక్కలు కావాలి. తల్లుల్ని ఒప్పించే పని అవ్వ నెత్తినేసుకుంది.

సంతకాలు సులువుగానే వచ్చాయి. బిడ్డ పాలు తాగుతోందా, చురుగ్గా ఉందా అని డాక్టరు అడిగితే మాత్రం ఒక్క తల్లీ ఔననలేదు. తల్లి బాగాలేదన్న బిడ్డను చేర్చుకోకూడదని నియమం. వారం గడిచినా ఒక్కరూ చేరలేదు. ఇంకో రెండు రోజులు చూసి, ఎవరూ చేరకపోతే విరుదునగర్ బిడ్డలతోనే సరిపెడతానంది డాక్టరు.

అవ్వకు రోషం వచ్చింది. "మన పిల్లకాయల్ని విరుదునగర్ కొలతతోనా కొలిచేది?"

"నువ్వు నేర్పిన చదువే గదా అవ్వా" అన్నాను.

చీపురు కోసం చూసింది గానీ, ఆ పూట సరిగా అన్నం తినలేదు.

అప్పుడే మా అక్క కర్పగం అదే వార్డులో ఆడబిడ్డను కన్నది. మరునాడు, అంటే గడువు చివరి రోజున, డాక్టరు అక్కనూ అదే అడిగింది. "యాడ తాగుతాది" అని అక్క మొదలుపెట్టగానే అవ్వ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. వార్డంతా చూస్తోంది.

"డాక్టరమ్మా, మా మునిమనవరాలు బాగుండాది. కడుపు నిండా తాగతాది. తన్నితే నా మూతి వాచింది. రాసుకోమ్మా."

అని, బిడ్డ మొహాన్ని గబగబా కొంగుతో కప్పేసింది.

పక్క మంచం మీది ఇసక్కియమ్మాళ్ తన కొడుకు ఇంకా గట్టిగా తంతాడంది. ఎదుటి మంచమామె ఊరుకుంటుందా? సాయంత్రానికి తొమ్మిదిమంది చేరారు. డాక్టరు ఉండిపోతానంది.

అవ్వ ఆస్పత్రి పెరట్లో నిప్పు చేసి, తొమ్మిదిమంది బిడ్డలకీ ఎండుమిరపకాయలు దిగదుడిచి వేసింది. పదో పిడికెడు డాక్టరు చుట్టూ తిప్పింది. నలభై అయ్యేదాకా ఆమెకు జలుబు కూడా రాకూడదట.