ఒకే ఎరుపు

విశ్వకర్మ పూజకు మా లాబొరేటరీ మెరిసిపోవాలన్నది నా పంతం. జంషెడ్‌పూర్‌లో ఆ రోజున ఏ కార్ఖానాలోనూ తుడవని మర ఉండదు. మరి మాది వెలవెలబోతే ఎలా? గోడనున్న మూడు మంటలార్పే సిలిండర్లకూ కొత్త ఎర్రరంగు వేయించాను. వేసింది మా అటెండరు. శ్రీకాకుళం వైపు మనిషి, బర్మామైన్స్‌లో మా వీధే. వరసకు మావా అనేవాణ్ణి.

"బాబూ, అచ్చరాలు ఒగ్గీమంటారా?" అని సిలిండర్ల మీది రాతలు చూపిస్తూ అడిగాడు.

"ముందు పూసెయ్ మావా, తర్వాత రాయిద్దాం" అన్నాను. పూజకు కొబ్బరికాయలు తెచ్చిందీ అతనే, ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి, ఏరి మరీ. అక్షరాల సంగతి మాత్రం నేను మరిచేపోయాను.

పది రోజులకు ఎసిటోన్ సీసా నా చేతిలోంచే జారింది. పక్కన బర్నరు వెలుగుతోంది. ఉన్నదొక్క తలుపు, మంట సరిగ్గా దాని ముందే లేచింది. కిటికీకి ఇనప ఊచలు. లోపల నేనూ మావా ఇద్దరమే.

సిలిండర్లలో ఒకటి నీళ్ళది, ఒకటి నురగది, ఒకటి పొడిది. నీళ్ళు కొడితే మండుతున్న ఎసిటోన్ చిమ్మి నేలంతా పాకుతుంది. నురగ దాని మీద నిలవదు. పొడే కావాలి. పాఠమంతా నోటికొచ్చు, కానీ ఎదురుగా మూడూ ఒకే ఎరుపు. ఒకదాని మీద చెయ్యి వేసి, తీసి, ఇంకోదాని మీద వేశాను. పొగకు ఊపిరాడడం లేదు. ఊచల దాకా వెళ్ళి మళ్ళీ గోడ దగ్గరికే వచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఏటి బాబూ, అలగ నిలబడిపోనారు? ఏది కావాలి?"

"పొడిది మావా. ఏదో తెలీడం లేదు."

అతను ఒక్కొక్కటే ఎత్తి, చెవి ఆనించి ఊపాడు. మొదటి దాంట్లో నీళ్ళు కదిలిన చప్పుడు. రెండోదీ అంతే. మూడోది పలకలేదు. దాన్ని నా చేతుల్లో పెట్టాడు.

"ఇదే. జల్దీ కొట్టండి!"

మంట అణిగేసరికి ఇద్దరం పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లగా ఉన్నాం. అతను నన్ను చూసి నవ్వాడు.

మర్నాడు పైవాళ్ళకు రిపోర్టు రాశాను. 'నేను సరైన సిలిండరును వెంటనే గుర్తించి వాడితిని' అని. రంగు మాట రాస్తే ఉద్యోగానికి ముప్పని భయం. సాక్షిగా అతని వేలిముద్ర కావాలన్నారు.

"ఏటి రాసినారు బాబూ?"

"ఇద్దరం కలిసి ఆర్పామని."

"సదువుకున్నోరు. పొడిదని మీరు సెప్పబట్టి బతికినాం" అంటూ బొటనవేలికి సిరా అద్దుకుని, నేను చూపించిన చోట ఒత్తాడు.