పెద్దబాపు చేతి అలారం

పెద్దబాపు పోయిండని పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్ల బస్టాండుల ఉన్న. ఏడ్చుకుంటనే అన్నది, "పోయిండే బిడ్డా! అల్మారల గడియారాలు ఇంకా మోగుతనే ఉన్నయే!"

జగిత్యాలల ఇల్లు కట్టుకోకముందు ఆయన సిరిసిల్లల సాంచాలు నడిపిండు. గా మరమగ్గాల షెడ్డుల పక్కన పిడుగు పడ్డా వినపడది. డ్యూటీ మారే యాల్ల తెలువాలని పాత అలారం చేతిగడియారం ఒకటి కొన్నడు. మీరు చూసి ఉండరు. బ్యాటరీ ఉండది. రెండు చావీలు: ఒకటి టైముకు, ఒకటి అలారానికి. మోగితే మణికట్టు మీద తుమ్మెద కొట్లాడినట్టు వణుకుతది. చెవులతోని పనే లేదు.

గా ఒక్కటి తొమ్మిదైనయి. తొమ్మిదోదాని కోసం ముస్తాబాదుకు ఆటోల పోయి, పెద్దమ్మ సాదుకున్న సూడిమేకను ఇచ్చచ్చిండు. "మేకనిచ్చి కీచురాయిని తెచ్చిండు. నువ్వు పోంగనే అన్నిటిని పాతసామానోనికి ఏస్త!" అని ఆమె రోజూ అనేది. ఆయనకు సగమే వినపడేది.

సాంచాలు ఆయన చెవులు తిన్నయి మరి. బస్సుల అలారం మోగితే అందరు ఫోన్లు తడుముకునేటోళ్లు. "ఫోన్ ఊరందర్ని లేపుతది బిడ్డా. గిది నన్నొక్కన్నే లేపుతది," అని మణికట్టు నిమురుకొని నవ్వేటోడు. మేమంతా చెవులు మూసుకునే సంగతి ఆయనకెవ్వరం చెప్పలే.

నేను ఏ కొలువులనూ ఆరు నెలలు నిలవలే. అందరు తిట్టేటోళ్లు. ఆయనైతే రిపేరు చేయించుకొచ్చిన గడియారాన్ని నా చెవికాడ పెట్టేటోడు. "పానం ఉన్నదా?" "ఉన్నది పెద్దబాపు." ఆ పనిల మాత్రం నేను పక్కా.

మూడోనాడు పిట్టకు పెట్టినం. ఆయనకు ఇష్టమైనయన్ని ఉండాలె గదా: కోడికూర, గారెలు, కల్లు. పొద్దుగాల్నే ఆయన లెక్కనే రెండు చావీలు ఇచ్చిన మేక గడియారాన్ని నేను స్టీలు పళ్లెంల పెట్టి, ఆకు పక్కన ఉంచిన. చానసేపటికి కాకి ఒకటి అచ్చింది. మెడ వంచింది. సరిగ్గ పదకొండు. ఆయన బీపీ గోలి యాల్ల. పళ్లెం దద్దరిల్లింది. కాకి మల్యాల దాటి కొండగట్టు ఎక్కే ఉంటది.

"సచ్చినంకా గిదే మోతనా!" పెద్దమ్మ నుదురు కొట్టుకున్నది.

పిట్ట ముట్టకుంటే ఆయన మనసుల కోరిక మిగిలినట్టే. ఎవరన్నా మాటియ్యాలె. ఏం మాటనో అందరికి తెలుసు. పాతసామానోన్ని ఆమె అప్పటికే రమ్మన్నది. నేను పళ్లెం దిక్కే చూస్తున్న.

ఎండ ముదిరింది. పెద్దమ్మ ఆకు ముందటికి పోయి, "అమ్మను పో! ఒక్కటి గూడ అమ్మను. గీ బిడ్డనే చావి ఇస్తది," అన్నది.

చెట్టు మీద కాకులు కదలలే.

ఆమె గొంతు తగ్గించింది. "గా మేక సంగతి గూడ ఎత్తను."

అప్పుడు దిగింది ఒకటి.

ఇప్పుడు రోజూ తొమ్మిది గడియారాలకు నేనే చావి ఇస్తున్న. ఇంత కుదురు నాకెన్నడు లేదు. పదకొండుకు మేక గడియారం నా చేతి మీద మోగుతది. పెద్దమ్మ గోలి, గిలాసల నీళ్లు పట్టుకొని వంటింట్లకెల్లి అస్తది. నన్ను చూసి గడపకాడ ఆగుతది. వణుకు ఆగేదాక నిలబడి, ఆ నీళ్లు తనే తాగుతది.