పొడవు కాడ మీద ఏ ఓడ?

1998 వేసవి ముగిసే రోజుల్లో పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక ప్లాస్టిక్ కర్మాగారంలో టూల్‌రూమ్ ఇంజనీరుగా చేరాను. ప్లాస్టిక్ వస్తువుకు రూపమిచ్చే ఉక్కు అచ్చులను చెక్కే చోటును టూల్‌రూమ్ అంటారు. బకెట్లు, మగ్గులు, స్విచ్ బోర్డుల మూతలు మా నిత్య భోజనం. నేను చేరిన మరుసటి ఏడాది దేవుని కృప వల్ల మా చేతికి ఒక వింత పని దొరికింది. విదేశంలోని ఒక ఆటల కంపెనీ కోసం అంతరిక్ష యుద్ధనౌకల బొమ్మలు చేయాలి.

ఇవి పిల్లలు నేల మీద తోసుకుంటూ ఆడే బొమ్మలు కావు. పెద్దవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని ఆడే యుద్ధపు ఆట. అరచేతిలో పట్టే నౌకలను పారదర్శకమైన చిన్న స్టాండ్ల మీద నిలబెట్టి, కొలబద్దతో దూరం కొలిచి జరుపుతారు. పాచికలు వేసి కాల్పులు జరుపుతారు. ఒక్కో విడతలో కొన్ని కొత్త నౌకలు విడుదలవుతాయి. మాకు అప్పగించింది మొదటి విడత. రెండో విడతలో ఏ నౌకలు వస్తాయో మాకు చెప్పలేదు. అది వాళ్ల వ్యాపార రహస్యం.

చెప్పకపోవడమే మాకు మహా ఉత్సాహమైంది. టీ గంట కొట్టగానే టూల్‌రూమంతా ఒకే మాట: తర్వాత ఏ ఓడ వస్తుంది?

ఫోర్‌మన్ మల్లారెడ్డి గారు చుట్టుపక్కల భూములున్న పాత కుటుంబం మనిషి, మా వాళ్లకు పటేల్. తెల్లారి పొలం చూసుకుని, ఎనిమిదికల్లా యూనిఫారంలో హాజరయ్యేవారు. ఆయన లెక్కలో తర్వాత వచ్చేది పెద్ద ఓడే.

"దొర లేని ఫౌజు ఉంటదా సార్? ఇప్పటిదాంక సిపాయిలే వచ్చిన్రు. ఇగ సర్దార్ రావాలె. బారెడు ఓడ వస్తది, సూడుండ్రి" అనేవారు.

స్పార్క్ మెషీన్ మీద పనిచేసే యాదగిరి ఒప్పుకునేవాడు కాదు. రాగి ఎలక్ట్రోడ్‌తో విద్యుత్ మెరుపులు పుట్టించి ఉక్కును తొలిచే యంత్రమది. దాని ముందు రోజంతా నిలబడే మనిషికి ఆలోచించడానికి బోలెడు తీరిక.

"పటేలా, కొట్లాటకు పోయిన ఓడలకు డీజిల్ ఎవడు పోస్తడు? చుక్కల నడుమ బంకు ఉన్నదా? ట్యాంకర్ ఓడ రావాలె ముందు."

"నీకు ఎప్పుడూ ట్యాంకర్ రందే. ఇస్నాపూర్ల నీళ్ల ట్యాంకర్ కాడ కొట్లాడి కొట్లాడి నీ మెదడు గట్లనే అయింది."

"నీళ్లకే గంత కొట్లాట అయితే, డీజిల్‌కు ఎంతయితది? గందుకే అంటున్న."

నన్ను కూడా లాగేవారు. మా చర్చి సంఘంలో బైబిలు వాక్యం చదివే పద్ధతి ఒకటి నేర్పారు. రాసి ఉన్నదేమిటో ముందు చూడు, రాయనిదాన్ని నీ ఇష్టానికి చొప్పించకు అని. అందుకే నాకు తెలియదనేవాణ్ని. యాదగిరి ఊరుకుంటాడా?

"దేవదానం సార్, మీ రాకడ ఎప్పుడో చెప్పరు, మంచిదే. ఓడ రాకడ అన్న చెప్పుండ్రి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక ఆ మాట నాలో ఆగిపోయింది. ప్రభువు రాకడ గడియ ఎవరికీ తెలియదని, అయినా సిద్ధపాటు మాత్రం మానవద్దని ప్రతి ఆదివారం వినేవాణ్ని. ఓడ ఏదో తెలియకపోయినా, అది వచ్చి కూర్చునే చోటును ముందే సిద్ధం చేయవచ్చు కదా!

పని భాషలో చెబితే ఇది. అచ్చుకు రెండు భాగాలు. బయట బోల్‌స్టర్ అనే ఉక్కు చట్రం, దాని గుంతలో కూర్చునే ఇన్సర్ట్ అనే దిమ్మ. వస్తువు ఆకారం దిమ్మలోనే ఉంటుంది. మామూలుగా వస్తువు డ్రాయింగ్ వచ్చాకే రెండూ మొదలుపెడతాం. చట్రానికే ఎక్కువ కాలం పడుతుంది. చట్రం ముందే తయారై ఉంటే, డ్రాయింగ్ చేతికందగానే దిమ్మ చెక్కి కూర్చోబెట్టడమే.

ఈ ఆలోచనను జనరల్ మేనేజర్ గారి ముందు పెట్టాను. ఆయన అంతా విని, తలుపు దగ్గరికి వేయమన్నారు. అప్పుడు చెప్పిన సంగతి నేను ఎదురుచూడనిది. యాజమాన్యం టూల్‌రూమ్‌ను మూసేసి, అచ్చులు బయట చేయించుకోవాలనుకుంటోంది. రెండో విడత కోసం మరో రెండు కర్మాగారాలు పోటీలో ఉన్నాయి. కస్టమర్ తరఫు ఇంజనీరు త్వరలో వస్తున్నాడు. ఎవరు ముందుగా పని మొదలుపెట్టగలిగితే ఆర్డర్ వాళ్లది. అది మనకొస్తే టూల్‌రూమ్ ఉంటుంది, లేకపోతే యంత్రాలు అమ్ముడుపోతాయి. ఒక్క చట్రానికి ఉక్కు తెప్పిస్తాననీ, రెండోదానికి అడగవద్దనీ అన్నారు.

టూల్‌రూమ్ పోతే మల్లారెడ్డి గారికి పొలముంది. నాకు చదువుంది. యాదగిరి హెల్పర్‌గా చేరి, ఏళ్లు పట్టి ఆ యంత్రం మీదికి ఎదిగినవాడు. మళ్లీ అచ్చుల్లో ప్లాస్టిక్ పోసే మౌల్డింగ్ షిఫ్టుల్లో కూలీ లెక్కన నిలబడాలి. సంగతి వాళ్లిద్దరికీ చెప్పాను. ఆ రోజు టీ దగ్గర యాదగిరే అన్నాడు: "అయితే ఇగ ఉత్తగ ముచ్చట్లు కాదు సార్. నిజంగనే కనిపెట్టాలె."

చట్రం ఒక్కటే కాబట్టి గుంత కొలత తప్పకూడదు. లోతుగా చేయాలా, వెడల్పుగా చేయాలా అన్నదే ప్రశ్న. పెద్ద ఓడకు లోతు కావాలి. అయితే లోతైన గుంత ఉన్న చట్రం దళసరిగా ఉంటుంది. అది మా పెద్ద మౌల్డింగ్ యంత్రం మీదే ఎక్కుతుంది, ఆ యంత్రం మీద ఏడాది పొడవునా బకెట్లే. చిన్న ఓడలకు వెడల్పు గుంత చాలు. అది చిన్న యంత్రం మీద హాయిగా నడుస్తుంది.

మా దగ్గర ఆధారం ఒకటుంది. ఓడలను నిలబెట్టే స్టాండ్లు కూడా మేమే చేస్తున్నాం. వాటిలో మూడు పొడవుల కాడలు: పొట్టి, నడిమి, పొడవు. డ్రాయింగుల ప్రకారం మొదటి విడతలో చిన్న ఓడలు పొట్టి కాడ మీద, కాస్త పెద్దవి నడిమి కాడ మీద కూర్చుంటాయి. పొడవు కాడ మీద ఏ ఓడా లేదు. అంటే అది రాబోయే ఓడది.

"ఇగ దీంట్ల అనుమానమేముంది?" అన్నారు మల్లారెడ్డి గారు. "చిన్నదానికి పొట్టిది, పెద్దదానికి నడిమిది. అన్నిటికన్న పెద్దదానికి పొడుగుది. లోతు గుంత కొడదాం."

నాకూ అదే సరిగా తోచింది. యాదగిరి కూడా ట్యాంకర్‌కు పెద్ద పొట్ట ఉంటుంది గనుక ఒప్పుకున్నాడు. లోతు గుంతకు డ్రాయింగ్ మొదలుపెట్టాను. గీస్తున్నంతసేపూ ఒక చిక్కు పీకుతూనే ఉంది. ఓడను కాడ మీద నిలబెట్టి మాలో ఎవరం చూడలేదు! ఓడలు ఒక యంత్రం మీద, స్టాండ్లు మరో యంత్రం మీద తయారై, వేరువేరు సంచుల్లో వెళ్లిపోయేవి. వాటిని కలిపేది ఆట కొనుక్కున్నవాడు. నకళ్లు బయటికి పోకూడదని, పనికిరాని ముక్కలను క్వాలిటీ వాళ్ల ఎదుటే గ్రైండర్‌లో వేసి పొడి చేయాలని ఒప్పందం. కాబట్టి చేతికి ఒక్క ఓడ కూడా మిగలదు.

ఒక పూర్తి ఆట పెట్టె మాత్రం మా కర్మాగారంలో ఉండేది. మేము చేసిన ముక్కలతోనే పెట్టె కట్టి కస్టమర్ పంపిన నమూనా. కర్మాగారాల్లో కస్టమర్ సంతకం పెట్టి సీలు వేసిన నమూనా అంటే దాదాపు బలిపీఠం మీది వస్తువు. దాన్ని చూస్తారు, ముట్టరు. అది క్వాలిటీ విభాగం చూసే విజయలక్ష్మి గారి బీరువాలో తాళం కింద ఉండేది.

వెళ్లి అడిగాను. ఆమె అడ్డంగా తలూపారు.

"సీలు తీస్తే ఆడిట్‌ల నా మెడకు సుట్టుకుంటది సార్. ఆడుకునేటందుకు తీసిన అని రాయాల్నా?"

"ఆడుకునేటందుకే మేడమ్. గట్లనే రాద్దాం" అన్నాను.

ఆమె నా ముఖం చూసి, వేళాకోళం కాదని తెలుసుకుని, కస్టమర్‌కు తన పేరుతోనే ఫ్యాక్స్ పంపించారు. జవాబు త్వరగానే వచ్చింది. ఆడమనే కదా పంపాం, ఇన్నాళ్లూ తెరవలేదా అని దాని సారాంశం.

మధ్యాహ్నం భోజన విరామంలో పెట్టెను సర్ఫేస్ టేబుల్ మీద తెరిచాం. సర్ఫేస్ టేబుల్ అంటే కొలతల కోసం అద్దంలా నునుపు చేసిన నల్లరాతి బల్ల. దాని మీద టీ గ్లాసు పెట్టినా మల్లారెడ్డి గారు అరిచేవారు. ఆ రోజు ఆయనే గుడ్డతో తుడిచి అంతరిక్షం సిద్ధం చేశారు. ఇంగ్లిషు నియమాలు చదివి చెప్పే పని విజయలక్ష్మి గారు తీసుకున్నారు. కాసేపటికి ఆమె ఒక సేనకు అధిపతి కూడా అయ్యారు.

ఆ రోజును తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మేమే చెక్కిన ఓడలు! వాటి రెక్కల అంచులకు మేమెంత సాన పట్టామో మాకే తెలుసు. అవి ఇప్పుడు నల్లరాతి ఆకాశంలో ఎదురెదురుగా బారులు తీరాయి. పాచిక పడ్డ ప్రతిసారీ పక్క విభాగాల వాళ్లు తొంగిచూశారు.

"పటేలా, నీ సర్దార్ పారిపోతున్నడు!"

"పారిపోతలేడురా, మలుపుతున్న. ఎడ్లబండి మలుపాలంటే జాగా వద్దా?"

"మల్లారెడ్డి గారూ, మీ బండి మళ్లేలోపు నేను రెండుసార్లు కాల్చిన. ఆ ఓడ తీసి పక్కన పెట్టుండ్రి" అన్నారు విజయలక్ష్మి గారు, ఏ జాలీ లేకుండా.

ఆట ముదిరి ఓడలన్నీ బల్ల నడుమ గుమిగూడేసరికి అసలు తమాషా మొదలైంది. రెక్కలు ఒకదానికొకటి తగులుతున్నాయి. చిన్న ఓడను శత్రువు పక్కన పెట్టాలంటే చోటు చాలదు. యాదగిరి విసిగిపోయి, ఖాళీగా పడి ఉన్న పొడవు కాడ తీసుకుని, తన చిన్న ఓడను దాని మీద గుచ్చి నిలబెట్టాడు. ఆ చిన్నది మిగతా ఓడల రెక్కల పైన, గద్దలాగా తేలింది. ఎవరికీ తగల్లేదు.

"గట్ల చేస్తే నేను కూడ చేస్త" అని మల్లారెడ్డి గారు తన అతి పెద్ద ఓడను మరో పొడవు కాడ మీద పెట్టారు. చేయి తీశారో లేదో అది ఊగి, పక్క ఓడను కూడా వెంటబెట్టుకుని బోర్లాపడింది. మళ్లీ నిలబెట్టారు. మళ్లీ పడింది.

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మూడు కాడలకూ అడుగుపీట ఒకే కొలత. ఆ పీట మీద పొడవు కాడ పెద్ద బరువును మోయలేదు. అది మోసేది తేలికైన ఓడనే, అందరి మీదుగా దూసుకెళ్లేదాన్నే. మేము కాడ పొడవును అచ్చు లోతుగా చదివాం. అచ్చులు చేసేవాళ్లం గనుక మాకు అలాగే కనబడింది.

"పొయ్యేటోళ్లమే సార్" అన్నాడు యాదగిరి, ఓడను ఇంకా చేతిలో పట్టుకునే. "లోతు గుంత కొట్టి పరేషాన్ అయ్యేటోళ్లం."

మల్లారెడ్డి గారు కాసేపు గొణిగారు. "పెద్దది రాదని కాదు. ముందు రాదు, గంతే" అని రాజీపడ్డారు. ఆ సాయంత్రమే పాత డ్రాయింగ్ పక్కన పడేసి, లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న చట్రం గీశాను. ఓడ ఆకారం మాత్రం ఊహించలేదు. గుంతలో నాలుగు ఖాళీ దిమ్మలు పెట్టాం. వచ్చేది ఏదైనా వాటిలో చెక్కుకోవచ్చు.

చట్రం పూర్తయిన రోజు మల్లారెడ్డి గారు దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నేను దాని మీద చేయి ఉంచి ప్రార్థన చేశాను. మా టూల్‌రూమ్‌లో ప్రతి కొత్త అచ్చుకూ ఈ రెండూ జరిగేవి, ఏ ఒక్కటీ తక్కువైతే ఇద్దరికీ మనసొప్పేది కాదు.

కస్టమర్ ఇంజనీరు వచ్చాడు. పొడుగాటి మనిషి, చెమటలు కక్కుతూ కర్మాగారమంతా తిరిగాడు. చివరికి టూల్‌రూమ్‌లో నిలబడి, రెండో విడత డ్రాయింగ్‌ను సర్ఫేస్ టేబుల్ మీద పరిచాడు. వేలి గోరంత చిన్న పోరాట నౌకల గుంపు. కొన్నింటిని ఒక సన్నని కొమ్మకు కలిపి, పొడవు కాడ మీద నిలబెట్టాలి. యాదగిరి నా చేయి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఇంజనీరు అడిగిన ప్రశ్నకు నేను జవాబివ్వడం మరిచిపోయాను.

తర్వాత చట్రాన్ని చూపించాం. ఆయన వంగి గుంత కొలిచాడు, ఖాళీ దిమ్మలు చూశాడు, డ్రాయింగ్‌తో సరిపోల్చాడు. మా కంపెనీ నుంచి ఎవరైనా మీకు రహస్యం చెప్పారా అని అడిగాడు. లేదు, మీ ఆట ఆడాం అని చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, ఎవరు గెలిచారని అడిగాడు. అందరం విజయలక్ష్మి గారి వైపు చూశాం.

రెండో విడత మాకే వచ్చింది. టూల్‌రూమ్ మూసే మాట మళ్లీ వినబడలేదు. మల్లారెడ్డి గారి పెద్ద ఓడ మూడో విడతలో నిజంగానే వచ్చింది, తనకంటూ వెడల్పాటి పీటతో సహా. అది ఎక్కాల్సిన మా పెద్ద యంత్రం మీద బకెట్లకే ఖాళీ లేదు గనుక వేరే కర్మాగారానికి పోయింది. ఆయన మాత్రం ఆర్డర్ పోయిన బాధ కన్నా, తన మాట నెగ్గిన సంతోషంతో అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించారు. యాదగిరి ట్యాంకర్ నేను పదవీ విరమణ చేసేదాకా రాలేదు. ఆట చేసేవాళ్లకు బుద్ధి లేదని అతని అభిప్రాయం.

ఆ తర్వాత నేను పనిచేసినంతకాలం టూల్‌రూమ్‌లో ఒక నియమం నడిపాను. ఏ వస్తువుకు అచ్చు చేయాలన్నా, ముందు దాన్ని వాడి చూడాలి. మూతైతే తిప్పాలి, మగ్గైతే నీళ్లు ముంచాలి, ఆటైతే ఆడాలి. రాబోయేదాని గురించి ఊహించడం తప్పు కాదు, పనిలో సంతోషం సగం అందులోనే ఉంది. కానీ ఉక్కును కోసేది ఊహను బట్టి కాదు. చేతిలో ఉన్నదాన్ని సరిగా పరీక్షిస్తే, రాబోయేదానికి ఎంత చోటు ఉంచాలో తెలుస్తుంది. దాని ఆకారం అది వచ్చినప్పుడు చెక్కుకోవచ్చు.