రాజీరు కాక కత్తిరించిన పేర్లు

2006 ఎండాకాలం. అప్పుడు నేను గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గని ఆఫీసులో క్లర్కుగా ఉన్నాను. మా వైపు గనిని గని అనరు, బాయి అంటారు. మా బాయిలో బొగ్గు అయిపోవచ్చింది. మూసేస్తారు మూసేస్తారు అని ఏడాదిగా వింటున్నదే, ఆ ఎండల్లో నిజమైంది. కార్మికులను రెండు చోట్లకు సర్దాలి. కొందరికి పక్క బాయి, సైకిల్ మీద పోయి రావచ్చు. మిగతావాళ్లకు కాసిపేట బాయి. గోదావరి దాటి, మంచిర్యాల దాటి, బస్సు మారి పోవాలి. అక్కడ ఫస్టు షిఫ్టు అందుకోవాలంటే మకాం మార్చుకోవాల్సిందే.

ఎవరు ఎక్కడికో పైవాళ్లు తేల్చారు. జాబితా తయారుచేసే పని నాకు పడింది. ఆఫీసులో కంప్యూటర్ ముట్టుకునేదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఫ్యాను తిరగకపోయినా నన్నే పిలిచేవాళ్లు, అది వేరే సంగతి.

ఈ పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎక్సెల్ షీట్ అంటే గళ్ల కాగితం. స్క్రీన్ మీద అది కుడివైపు ఎంత దూరమైనా పోతుంది. ప్రింటర్‌లో పెట్టే కాగితం మాత్రం పోదు. మా జాబితాలో ఎడమ చివర ఎంప్లాయీ నంబరు, పేరు. ఆ తర్వాత హోదా, చేరిన తేదీ, సీనియారిటీ, ఆరోగ్యం, కుటుంబ కారణాలు. అన్నీ అయ్యాక కుడి చివర అసలు సంగతి, ఏ బాయి పడిందన్నది. అందరూ చూసేది ఆ చివరి గడినే.

మా వెల్ఫేర్ ఆఫీసర్ అంతా ఒకే కాగితం మీద రావాలన్నాడు. 'ఫిట్ టు వన్ పేజ్' అని ఒకటుంది, అది నొక్కితే షీట్ మొత్తం ఒక పేజీలోకి కుంచించుకుపోతుంది. నొక్కి, ఆ కాగితం తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు, కిటికీ దగ్గరికి పోయి చూశాడు. సరే నీ ఇష్టం అన్నాడు. ఆ మాట ముందే అంటే ఒక కాగితం మిగిలేది.

అడ్డంగా మూడు కాగితాలు పట్టింది. మామూలుగా కొడితే పేర్లు మొదటి కాగితం మీదే వస్తాయి. మూడోదాని మీద బాయి పేరుంటుంది, అది ఎవరికో ఉండదు. దానికి మందు పేజ్ సెటప్‌లో ఉంది. 'కాలమ్స్ టు రిపీట్ ఎట్ లెఫ్ట్' అన్న చోట నంబరు, పేరు ఉన్న కాలమ్‌లు ఇస్తే ప్రతి కాగితం మీదా అవి ఎడమవైపు మళ్లీ అచ్చవుతాయి. పై హెడ్డింగుకు కూడా అలాగే ఇచ్చాను. మూడో కాగితం ఒక్కటే చేతికి దొరికినా ఎవరి గతి ఏమిటో తెలిసిపోతుంది. నా పనితనానికి నేనే మురిసిపోయి కాగితాలు రాజీరు కాకకు ఇచ్చాను.

రాజీరు కాక మా అటెండర్. మా వైపు పెద్దవాళ్లను కాక అంటే బాబాయి అన్నట్టు. మైదా ఉడకబెట్టి కాగితాలు అతికించడంలో ఆయన్ని మించినవాడు లేడు, అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. మా దగ్గర నోటీసు బోర్డు ఎవరికి వాళ్లు చదువుకునేది కాదు. షిఫ్టు మారేటప్పుడు పదిమంది గుమిగూడితే, చదువు వచ్చినవాడు ఒకడు పేరు మీద వేలు పెట్టి, ఆ వరుస వెంట కుడివైపుకు లాక్కుంటూ పోయి చివర ఏముందో పైకి చదువుతాడు. వేలు ఎక్కడా ఆగకూడదని కాగితాలు ఎన్ని ఉన్నా కలిపి ఒకే పరదా చేయడం రాజీరు కాక అలవాటు.

జాబితా ఎక్కిన మర్నాడు కోడెం లింగయ్య కాక నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. బాయిలో దుంగలు నిలబెట్టి కప్పు కూలకుండా చూసే పని ఆయనది. రెండేళ్లుగా భార్యకు పక్షవాతం. కంపెనీ దవాఖానలో మందులు, కంపెనీ క్వార్టరులో మంచం. ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ ఆమెకు అన్నం పెట్టేది, పక్కకు ఒత్తిగిలించేది పక్కింటి చంద్రయ్య భార్య. చంద్రయ్యది కూడా లింగయ్య కాక గ్యాంగే.

"బిడ్డా, ఒక దరఖాస్తు కొట్టియ్యాలె. నౌకరి ఇడిసిపెడుతున్న," అన్నాడు.

ఏమైందని అడిగాను. కాసిపేట వేశారట. కుటుంబ కారణం రాసిచ్చినా పట్టించుకోలేదట. అభ్యంతరం పెట్టుకోవడానికి గడువుంది కదా అంటే, ఒకసారి చెప్పింది విననోళ్లు రెండోసారి వింటరా అన్నాడు. నౌకరీ పోతే క్వార్టరూ పోతుంది, దవాఖానా పోతుంది, చిన్నమ్మకు మందులెట్లా అని గట్టిగానే అడిగాను.

"మందు లేకున్నా కొన్ని దినాలు బతుకుతది. లేపేటోళ్లు లేకుంటె ఎట్ల బతుకుతది?"

దరఖాస్తు మొదలుపెట్టాను. ఆ మధ్యాహ్నమే వెల్ఫేర్ ఆఫీసర్ సార్ సంతకమై పై ఆఫీసుకు పోతుంది, అక్కడ ఒప్పుకున్నారంటే వెనక్కి తీసుకోవడం ఉండదు. ఆయన ఎంప్లాయీ నంబరు కోసం షీట్ తెరిచాను. నంబరు చూసుకుని, అలవాటు కొద్దీ చివరిదాకా జరిపాను. లింగయ్య కాక ఎదురుగా 'పక్క బాయి' అని ఉంది.

ఆయన్ని కదలొద్దని చెప్పి స్కేలు పట్టుకుని బోర్డు దగ్గరికి ఉరికాను. రెండో కాగితం మీద పేర్లు లేవు. మూడోదాని మీదా లేవు. రాజీరు కాక వాటిని శుభ్రంగా కత్తిరించి అంచుకు అంచు కలిపి అతికించాడు. మూడోది ఆ మూల బోర్డు చట్రంలో ఇమడక హెడ్డింగు కూడా కోసేసి పైకి జరిపాడు. దాంతో చివరి గడులన్నీ ఒక వరుస పైకెక్కాయి. కింద ఉన్నవాడి బాయి పైవాడికి వచ్చింది. అందరికన్నా కింద ఉన్న పేరు ఎదురుగా ఏమీ లేదు. వరుసగా చాలామందికి ఒకే బాయి పడింది గనుక ఎక్కువమందికి తేడా తెలియలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పేర్లెందుకు కోశావని రాజీరు కాక మీదికి పోయాను.

"గవ్వే పేర్లు మల్ల మల్ల వచ్చినయి. మిషిను తప్పు కొట్టిందనుకున్న," అన్నాడు.

ఆ మిషన్ అలాంటి తప్పులు చేస్తుందని నాకూ తెలుసు. ఎందుకు మళ్లీ అచ్చయ్యాయో ఆయనకు ఎవరూ చెప్పలేదు, అలాంటి కాగితం ఆయన అంతకుముందు చూడలేదు.

తిరిగొచ్చి లింగయ్య కాకకు స్క్రీన్ చూపించాను. వేలితో వరుస వెంట చివరిదాకా పోయాడు. మెడలో తువ్వాల తీసి మొహానికి పెట్టుకున్నాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. టైపు చేసినంతవరకు చెరిపేశాను. లేచి పోతాడనుకుంటే పోలేదు.

"మరి గా కాసిపేట ఎవలది బిడ్డా?"

చెప్పాలనిపించలేదు. కొత్త కాగితం ఎక్కగానే ఎలాగూ తెలుస్తుంది కదా అని చెప్పాను. ఆయన కింది వరుస చంద్రయ్యది. పక్క బాయి వచ్చిందని ముందురోజు గ్యాంగుకంతా చాయ్ తాపించాడు. లింగయ్య కాక మొహంలో ఇప్పుడిప్పుడే వచ్చిన వెలుగు చూస్తుండగానే పోయింది. చంద్రయ్యకు తానే చెప్తానని, అప్పటిదాకా బోర్డు మీద పెట్టొద్దని బతిమాలాడు. సార్‌కు విషయం చెప్పి పాత కాగితం పీకేయించాం. కొత్తది మాత్రం వాళ్ల షిఫ్టు దిగేదాకా నా సొరుగులోనే ఉంచాను.

షిఫ్టు దిగి ఇద్దరూ కలిసే వచ్చారు. బొగ్గు పట్టిన చంద్రయ్య మొహంలో ఏముందో నాకు తెలియలేదు. అతని వరుస చూపించాను, చూశాడు. అభ్యంతరం రాస్తావా అని అడిగితే, ఏం రాయను, నా ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు కద అన్నాడు. అతనికి కావలసింది వేరే దరఖాస్తు. తాను ఒక్కడే కాసిపేటలో ఉండేటట్టు, ఇక్కడి క్వార్టరు ఖాళీ చేయించకుండా భార్య ఉండడానికి అట్టిపెట్టమని.

కారణం అన్న చోట ఆగాను. పిల్లల చదువు అని రాస్తే ఆఫీసులో తొందరగా అవుతుంది, అదే రాస్తానన్నాను.

"ఉన్నదే రాయి అక్కా. మా ఇంటామె నా ఎంట అచ్చిందనుకో, వదినను ఎవలు లేపుతరు?"

లింగయ్య కాక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను అదే రాశాను. సార్ చదివి, కారణం గురించి ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు.

ఆ తర్వాత పేర్లు లేని కాగితం నేను గోడకు ఎక్కనివ్వలేదు. అతికించేటప్పుడు రాజీరు కాక పక్కనే నిలబడి, ఏది ఎందుకు ఉందో చెప్పి, షిఫ్టు మారేటప్పుడు ఒకరిద్దరి వరుసలు స్కేలుతో సరిచూసేదాన్ని. అది పనికి సంబంధించిన పాఠం. రెండోది మాత్రం చంద్రయ్య నేర్పాడు. అప్పటిదాకా జాబితాలో ఒక వరుస అంటే ఒక మనిషి అనుకునేదాన్ని. ఒక మనిషి కదిలితే పక్కింట్లో మంచంలో ఉన్న మనిషిని ఎవరు లేపుతారో అడిగే గడి నా షీట్‌లో ఎక్కడా లేదు.