రావమ్మ హెలికాప్టర్

గుడ్లవల్లేరు రైలు గేటుకి ఇవతల, రేకుల షెడ్డులో మెకానిక్ మార్కు షాపు. బోర్డు మీద మోటారు వైండింగ్ అని ఉంటుంది గానీ అక్కడ వైండింగ్ పని జరిగి ఏళ్ళయింది. ఇప్పుడక్కడ పుట్టేవి వింత మరలు. కొబ్బరిచెట్టెక్కి కాయలు దింపే మర ఒకటి చేశాడు. ఎక్కింది, దివ్యంగా ఎక్కింది. దిగడమే చేతకాలేదు దానికి. మూడు రోజులు చెట్టు మొవ్వులో, మట్టల మధ్య కూర్చుంటే, చివరికి చెట్లెక్కే మనిషినే బతిమాలి దింపించుకోవాల్సి వచ్చింది. పెళ్ళిలో మంచినీళ్ళందించే రోబో చేస్తే, అది పెళ్ళికొడుకు మేనమామ ఒళ్ళో నీళ్ళు కుమ్మరించి ముందుకి సాగిపోయింది. రొయ్యల చెరువులో మేత చల్లే బుల్లి పడవ మాత్రం నిజంగా పనిచేసింది. దాన్ని చూసి ఆక్వా రైతులు కూడా ముక్కున వేలేసుకున్నారు.

ఇవన్నీ ఎవరికనుకున్నారు? ఆఖరి సంవత్సరం ఇంజనీరింగు పిల్లలకి. ప్రాజెక్టు గడువు ముంచుకొచ్చాక పరిగెత్తుకొస్తారు. "ఆలోచన వాళ్ళదండీ, బోల్టులు మాత్రమే నావి" అంటాడు మార్కు. శుద్ధ అబద్ధం. ఆలోచన కూడా చాలావరకు ఇతనిదే. పన్నెండేళ్ళుగా ప్రతి మర పక్కన నిలబెట్టే బోర్డు మీద పిల్లల పేర్లు, మాష్టార్ల పేర్లు, ప్రిన్సిపాలు పేరు వరసగా ఉంటాయి. మార్కు పేరు ఒక్కదాని మీద కూడా లేదు. పైకి నవ్వేసేవాడు గానీ లోపల అది ముల్లులా ఉండేది.

ఆ షాపుకి ఒక కట్టుబాటుంది. మార్కులు పడ్డ వారంలో మర షాపుకి తిరిగి రావాలి. మార్కు దాన్ని విప్పి, మోటార్లూ చక్రాలూ తుడిచి, వచ్చే ఏడు మరోదానికి బిగిస్తాడు. కొబ్బరిచెట్టెక్కిన మోటారే మరుసటేడు రోడ్డు ఊడ్చింది, ఆ పై ఏడు వడ్లు తూర్పారబట్టింది. "ఖాళీగా ఉన్న మోటారు పాపంరా" అనేది ఇతని సూత్రం. వచ్చినవాళ్ళందరికీ వేదవాక్యంలా చెప్పేవాడు.

ఇక రావమ్మ సంగతి. ఆవిడ మార్కుకి అక్క. దివిసీమలో కోడూరు దగ్గర పల్లె వాళ్ళది. డెబ్బై ఏడు ఉప్పెనలో అమ్మానాన్నలు కొట్టుకుపోతే, పదమూడేళ్ళ ఆ పిల్ల మూడేళ్ళ మార్కుని వోణీతో నడుముకి కట్టేసుకుని తుమ్మచెట్టు పట్టుకుని వేలాడింది. ముళ్ళు దిగిన మచ్చలు ఇప్పటికీ ఆవిడ చేతుల మీద ఉన్నాయి. నాట్లు వేసి, కలుపులు తీసి తమ్ముణ్ణి పెంచింది, బందరు ఐటీఐలో చదివించింది. అతనికి పెళ్ళి చేశాకే తను ఏసుదాసుని చేసుకుంది. పిల్లల్లేరు. ఏసుదాసు పోయిన రెండేళ్ళకి ఆవిడకి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. తన దగ్గరికొచ్చెయ్యమని మార్కు ఎంత చెప్పినా, ఆయన సమాధి ఇక్కడుంటే నేనెక్కడికొస్తానురా అనేది.

ఒక ఈస్టరు నాడు, తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధనకి, సంఘంలో నలుగురు మగవాళ్ళు ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కాలవగట్టు మీదుగా మోసుకెళ్ళారు. మంచికే చేశారు పాపం. ఆవిడ మాత్రం తలెత్తలేకపోయింది.

"బతికుండగానే నలుగురి చేత మోయించుకున్నానురా" అంది తమ్ముడితో. "ఆ మోత ఒక్కసారే ఉండాలి మనిషికి."

ఆ మాట విన్నాక మార్కు మంచి మోటార్ల కోసం తిరిగాడు. బందరులో పాత సామాను కొనే ముక్తార్ కొట్లో, ఎక్కడో పాడైన ఫారిన్ చక్రాల కుర్చీ నుంచి విప్పిన జంట మోటార్లు దొరికాయి. అరచేతిలో పట్టేంత ఉంటాయి గానీ దున్నపోతు బలం. వాటికి వెడల్పాటి టైర్లు తగిలించి, పైన సినిమాహాలు సీటు బిగించి, ఎండకి గొడుగు పెట్టి, కుడిచేతి దగ్గర చిన్న కర్ర అమర్చాడు. కర్ర ఎటు వంచితే బండి అటు పోతుంది. వెనక్కి నడిపితే క్రిస్మస్ ట్యూను మోగుతుంది. మార్కుకి దొరికిన హారను అదే మరి! నడివేసవిలో కూడా ఊళ్ళో క్రిస్మస్ వినపడేది. ఊరంతా దానికి రావమ్మ హెలికాప్టర్ అని పేరు పెట్టారు.

నల్లరేగడి బురదలో కూడా జంకకుండా పోయేది ఆ బండి. రావమ్మ శుక్రవారం స్త్రీల కూడికకి వెళ్ళింది. కొట్టుకెళ్ళి తన ఉల్లిపాయలు తనే ఏరుకుంది. పక్కింటి ప్రభావతితో తగువు పడి, మర్నాడు తనే బండేసుకెళ్ళి మాట కలిపింది.

"మూణ్ణెల్లయిందిరా మార్కూ" అంది ఫోన్లో. "ఎవర్నీ ఏమీ అడగలేదు. వచ్చే ఈస్టరుకి మీ బావ దగ్గరికి నా అంతట నేనే పోతా."

అక్కడితో కథ ఆగిపోయుంటే ఎంత బావుండేది!

ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలైన వారంలో మాధవి, రాజీవ్ అనే ఇద్దరు విద్యార్థులు షాపుకొచ్చారు. వరిచేలో నడుస్తూ కలుపు తీసే రోబో వాళ్ళది. ఏ మోటారు పెట్టినా బురదలో కూరుకుపోతోంది. గడువు చూస్తే ఇంకో వారం.

"అంకుల్, మీరే గట్టెక్కించాలి" అంది మాధవి. "ఈసారి బోర్డు మీద మీ పేరు వేస్తాం. ఒట్టు. డిజైన్ అని రాసి మరీ వేస్తాం."

మార్కు చేతిలో స్పానరు ఆగిపోయింది. బురదలో నడిచే మోటార్లు ఎక్కడున్నాయో అతనికి తెలుసు. తప్పని మనసుకి తట్టింది కూడా. కానీ బోర్డు మీద పేరు కళ్ళ ముందు ఆడుతుంటే, ఒక్క వారమేగా అనుకున్నాడు. పన్నెండేళ్ళుగా పిల్లల మరల్ని విప్పిన చెయ్యి కదా, అక్క బండిని కూడా అలాగే విప్పేసింది.

కోడూరు వెళ్ళి మోటార్లు తీస్తుంటే రావమ్మ అరుగు మీద కూర్చుని చూసింది.

"పిల్లల చదువుకేగా, తీసుకెళ్ళు" అంది. "ఈస్టరుకి మాత్రం ఉండాలిరా."

"ఈస్టరుకింకా నెల పైనే ఉంది కదక్కా! వారంలో తెచ్చి బిగించేస్తా."

వారంలో మార్కులు పడ్డాయి. రోబో అదరగొట్టింది. బోర్డు మీద అందరి పేర్ల కింద చిన్న అక్షరాల్లో "డిజైన్: జి. మార్కు" అని పడింది. ఇతను దాన్ని తొమ్మిది ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత విజయవాడలో పోటీ అన్నారు, సరేనన్నాడు. చివరికి బందరులో పెద్ద ప్రదర్శన వచ్చింది, ఈస్టరు ముందు రోజు శనివారం. అది ముగిశాక అటు నుంచి అటే కోడూరు వెళ్ళిపోదామని పానాలు కూడా సంచిలో వేసుకున్నాడు. ఫస్టు ప్రైజు వచ్చింది. ఆదివారం కూడా రోబోని ఉంచండి, పెద్దలు చూడ్డానికొస్తారు, డిజైన్ చేసినాయన కూడా ఉంటే బావుంటుందన్నారు నిర్వాహకులు.

మార్కు అక్కకి ఫోన్ చేశాడు. "అక్కా, రేపు సాయంత్రానికి వచ్చేస్తా. పొద్దున్నే ప్రభావతి వాళ్ళు నిన్ను కుర్చీలో తీసుకెళ్తార్లే, నేను చెప్తా వాళ్ళకి."

"సరేలేరా" అంది రావమ్మ.

ఈస్టరు నాడు చర్చి ఎగ్గొట్టి రోబో పక్కన నిలబడ్డాడు మార్కు. పెద్దలు వచ్చారు, చూశారు, బోర్డు చదవకుండానే వెళ్ళిపోయారు.

పొద్దుగూకే వేళకి బందరు లడ్డూల పెట్టె పట్టుకుని అక్క గుమ్మంలో దిగాడు. రావమ్మ తెల్లచీర కట్టుకుని అరుగు మీదే ఉంది. పక్కన కొవ్వొత్తుల ప్యాకెట్టు, విప్పనిది. చామంతిపూలు వాడిపోయి ఉన్నాయి. పొద్దున నలుగురూ కుర్చీ పట్టుకుని వస్తే దణ్ణం పెట్టి పంపేసిందని ప్రభావతి గోడ అవతల నుంచే చెప్పింది. చెప్పి, మార్కు మొహం చూడకుండా లోపలికెళ్ళిపోయింది.

మార్కు కూర్చుని, రోబో నుంచి విప్పి తెచ్చిన మోటార్లు బండికి బిగించాడు. వైర్లు కలిపాడు.

"రా అక్కా, ఎక్కు. ఇప్పుడే పోదాం బావ దగ్గరికి. నేనూ వస్తా."

"వద్దులేరా."

"అలిగావా? తప్పయిపోయిందక్కా. కొట్టు, తిట్టు, బండి మాత్రం ఎక్కు."

"నీ మీద నాకు అలకేంటి?" రావమ్మ కుడిచేత్తో అతని తల నిమిరింది. ఆ ముళ్ళ మచ్చల చెయ్యే. "దేవుడు కాళ్ళు తీసుకున్నప్పుడు గట్టిగా ఏడ్చాను. నువ్వు తీసుకెళ్ళినప్పుడు ఏడవడానిక్కూడా మొహం చెల్లలేదురా. హెలికాప్టరేదీ, హెలికాప్టరేదీ అని ఊరంతా అడిగారు. రిపేరుకి పోయిందని చెప్పాను. నీ పేరు ఎత్తలేదు. మళ్ళీ అలవాటు చేసుకుని మళ్ళీ పోగొట్టుకునే ఓపిక నాకు లేదయ్యా."

యాభై ఏళ్ళు దాటిన మనిషి, అక్క మోకాళ్ళ మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ ఓదార్చింది, లడ్డూ తుంచి అతని నోట్లో పెట్టింది. బండి మాత్రం ఎక్కలేదు.

ఇప్పటికీ ఎక్కలేదు. ఆదివారం ఆదివారం మార్కు వెళ్ళి బండి తుడుస్తాడు, బ్యాటరీ ఛార్జి పెడతాడు, అరుగు ముందు ఒకసారి ముందుకీ వెనక్కీ నడిపి ఆ క్రిస్మస్ ట్యూను మోగిస్తాడు. ఆవిడకి ఎప్పటికైనా మనసు మారుతుందేమోనని ఆశ.

"ఖాళీగా ఉన్న మోటారు పాపమంటావుగా" అంటుంది రావమ్మ లోపల నుంచి, కోపం లేకుండానే. "పట్టుకెళ్ళరా. ఎవరికైనా పనికొస్తాయి."

మార్కు బండిని మళ్ళీ అరుగు పక్కనే పెట్టి వచ్చేస్తాడు. ఆ సూత్రం షాపులో కూడా ఇప్పుడెవరికీ చెప్పడం లేదు.

మొన్న కల్పన అనే కొత్త అమ్మాయి షాపుకొచ్చింది. "అంకుల్, బురదలో నడిచే జంట మోటార్లు మీ దగ్గర ఉన్నాయంట కదా? సీనియర్లు చెప్పారు. కోడూరులో ఊరికే పడున్నాయంట."

"అవి మా అక్కవమ్మా" అన్నాడు మార్కు. "ఇవ్వడానికి నావి కావు."

చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు. మాధవి అడిగిన రోజున కూడా అంతే పట్టేది.