వైరు పట్టుకున్న చెయ్యి

మస్తాన్ పోయాడన్న కబురు నాకు మొదట చెప్పింది పక్కింటి షంషాద్. పసిబిడ్డను భుజాన వేసుకుని పెరటి గోడ దగ్గరికి వచ్చి, "అక్కా, మస్తాన్ అన్న ఇంగ లేడంట" అంది. కడప నుంచి బండి మీద వస్తుంటే ఘాట్ రోడ్డులో లారీ తగిలిందట. మా కంప్యూటర్‌కు కావలసిన సామాను కోసమే అతను కడపకు పోయాడు.

ఇది రాస్తున్నానని నన్ను దయ్యాలను నమ్మే మనిషిగా అనుకోవద్దు. నేను బడికి పోలేదు. ఇంట్లోనే నాకు అక్షరాలు దిద్దించిన మా నాయన, దేవుణ్ణి నమ్మేవాళ్ళకు వేరే భయాలెందుకని చెప్పేవాడు. నేను ఇప్పటికీ అదే అంటాను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో మేము రాయచోటిలో ఉండేవాళ్ళం. మాది బట్టల అంగడి. అంగడి లెక్కల కోసం మా ఆయన ఒక పాత కంప్యూటర్ కొని ఇంటి ముందు గదిలో పెట్టాడు. మా ఊరికి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. మా వీధి మగవాళ్ళు చాలామంది కువైట్‌లో ఉండేవారు. మధ్యాహ్నం పూట వాళ్ళ భార్యలు వచ్చి, కెమెరా ముందు కూర్చుని మాట్లాడుకుని పోయేవారు. పోయేటప్పుడు వాళ్ళ ముఖాలు చూస్తే, ఈ మాత్రం పుణ్యం నా ఇంట్లో జరగనిచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఆయుధపూజ నాడు మా అత్త ఆ కంప్యూటర్‌ను కూడా వదల్లేదు. గజం బద్దకు, కత్తెరకు పెట్టినట్టే, పసుపు తడిపి డబ్బా వెనక ఉన్న ప్రతి సందుకూ పూసి కుంకుమ అద్దింది. మరునాటి నుంచి ఇంటర్నెట్ వైరు పెట్టే సందు మొరాయించింది. కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ వచ్చి చూసి నవ్వాడు.

"అవ్వా, బొట్టు పెట్టినావు, బాగుండాది. నోట్లో తీర్థం గూడా పోసినావే, దానికి అరగలేదు."

"నీ మిషన్‌కు భక్తి తక్కువప్పా" అంది మా అత్త.

అప్పటి నుంచి ఆ వైరు తనంతట తాను నిలిచేది కాదు. మాట్లాడుతున్నంతసేపూ దాని మొనను ఎవరో ఒకరు వేలితో పైకి నొక్కి పట్టుకోవాలి. మధ్యాహ్నాలు మస్తానే వచ్చి, డబ్బాను కుర్చీకి కాస్త వెనకగా స్టూలు మీద పెట్టి, దాని పక్కన నేల మీద కూర్చునేవాడు. ఆడవాళ్ళు మొగుళ్ళతో చెప్పుకునే మాటల్లో తాను ఉండకూడదని గోడ వైపు తిరిగి, వైరు పట్టుకున్న చెయ్యి మాత్రం వెనక్కి చాచేవాడు. ఎవరూ అతనికి అట్లా చెయ్యమని చెప్పలేదు.

షంషాద్ భర్త ఖాదర్ కువైట్‌లో డ్రైవర్. అతను వెళ్ళాకే బిడ్డ పుట్టింది. ఇంకా ముఖమైనా చూడకముందే అతనికి గుండె ఆపరేషన్ అన్నారు. ఆస్పత్రిలో చేరే ముందు ఒక్కసారి బిడ్డను చూడాలని అడిగాడు. షంషాద్ నలభై రోజులు నిండని బాలింత. మా ఇంటికి తప్ప బయటికి పోనివ్వరు. సరిగ్గా అప్పుడే ఆ సందు పూర్తిగా చచ్చిపోయింది. ఎంత నొక్కినా దాని పక్కనుండే చిన్న లైటు వెలగలేదు.

"ఇది ఇంగ లేయదక్కా. కడపలో వైరు పెట్టుకునే వేరే కార్డు దొరుకుతాది, తెచ్చి లోపల పెడతా" అన్నాడు మస్తాన్. షంషాద్ కళ్ళు తుడుచుకోవడం చూసి, "ఏడుస్తాండావేమ్మా? బిడ్డను వాళ్ళ నాయనకు చూపిచ్చే పూచీ నాది" అన్నాడు. అట్లా చెప్పి పోయినవాడే.

ఖాదర్ చెప్పిన రోజు రానే వచ్చింది. ఆపరేషన్ ముందు ఎందుకని మస్తాన్ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. షంషాద్ బిడ్డకు కాటుక దిద్ది, కొత్త గౌను తొడిగి తెచ్చింది. లాభం లేదని మా ఇద్దరికీ తెలుసు. అయినా నేను వైరు నొక్కి పట్టుకున్నాను. వైరు పెట్టలేదనే తెర మీద వస్తోంది. వేలు తిమ్మిరెక్కి వదిలేశాను. మొన ఊడి స్టూలు మీద పడింది. లోపలికి పోయి దేవుని పటం ముందు నిలబడి, "స్వామీ, ఆ బిడ్డ" అన్నాను.

ముందు గదిలో కంప్యూటర్ మోగింది.

నేను వచ్చేసరికి తెర మీద ఖాదర్ ఉన్నాడు. షంషాద్ బిడ్డను ఎత్తి చూపిస్తోంది. అతను తెరకు దగ్గరగా వంగి చూసి, "ముక్కు మా అమ్మదే" అన్నాడు.

"నీది రాలేదు, అల్లా దయ" అంది షంషాద్. ఇద్దరూ నవ్వుతూనే ఏడ్చారు. నేను గుమ్మంలోనే ఆగి, మస్తాన్ చేసినట్టు గోడ వైపు తిరిగాను.

చివర్లో ఖాదర్ గొంతు వినిపించింది. "మస్తాన్‌కు నా సలాం చెప్పు. పాపం, అప్పట్నుంచీ గోడ తట్టు తిరిగి అట్లే కూర్చోనుండాడు. చెయ్యి నొప్పి పుట్టింటాది."

షంషాద్ వెనక్కి తిరగలేదు. నేను ఇటు తిరిగేసరికి నా వైపు చూస్తోంది. నేను స్టూలు వైపు చూశాను. పక్కన ఎవరూ లేరు. వైరు మాత్రం సందులో ఉంది. నేను చూస్తుండగానే అది మెల్లగా జారి కింద పడింది. తెర మీద ఖాదర్ నవ్వుముఖం అట్లాగే ఆగిపోయింది.

తాను కుర్చీలోంచి లేవనే లేదని షంషాద్ ఒట్టేసి చెప్పింది. ఇంట్లో మేమిద్దరం, ఆ బిడ్డ తప్ప ఎవరూ లేరు.

కొన్నాళ్ళకు మస్తాన్ వాళ్ళమ్మ ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. అతని బండి సంచిలో దొరికిందట. "మీకని కొన్నాడు, మీకే చేరల్ల" అంది. ఆ తల్లి చేతులు కళ్ళకద్దుకున్నాను. వేరొకతను వచ్చి ఆ కార్డు బిగించాడు. పాత సందులోని తీగలు పచ్చగా చిలుము పట్టి తెగిపోయి ఉండడం చూపించి, "దీంట్లోంచి ఏమీ పోదమ్మా" అన్నాడు. కొత్త కార్డుకు పెట్టిన వైరును ఆ తర్వాత ఎవరూ పట్టుకోవలసిన పని పడలేదు.

ఖాదర్ దేవుని దయవల్ల బాగై తిరిగొచ్చాడు. అంతకుముందు ఎన్నోసార్లు మస్తాన్‌ను అట్లా చూసినవాడు కాబట్టి అలవాటుకొద్దీ అన్నాడేమోనని నాకు నేను చెప్పుకుంటాను. అదే సరే అనుకుంటే, మరి ఆ లైను ఎట్లా కలిసింది? నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను.

మీరు దూరాన ఉన్న మీవాళ్ళ ముఖం తెర మీద చూసుకున్నప్పుడు, గోడ వైపు తిరిగి కూర్చున్న మా మస్తాన్‌ను ఒక్కసారి తలుచుకోండి. అంతకన్నా నేనేమీ అడగను.