ఆ చెయ్యి హీరోది కాదు

మొన్న మధ్యాహ్నం సత్తెనపల్లిలోని మా ఫ్లెక్సీ షాపులో మిషన్ నడుస్తోంది. ఇంకు ఘాటు ముక్కుకు పట్టేసింది. ఆ వాసనలోనే మా చెల్లెలు పంపిన మీమ్ తెరిచాను. ఒక హీరో అరచెయ్యి ముందుకు చాచి "ఆగు" అన్నట్టు నిలబడ్డాడు. తీరా చూస్తే రెండు చేతులూ ఎడమవే. పైన "డైటింగ్ మొదలెట్టి బిర్యానీ ముందు నేను" అని రాసి ఉంది. నవ్వాను. నవ్వుతుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముందుకు చాచిన ఆ చెయ్యి హీరోది కాదు, నాకు పని నేర్పిన మస్తాన్ బాబాయిది.

డిగ్రీ అయ్యాక నరసరావుపేటలో ఆయన షాపులో చేరాను. మౌస్ పట్టుకోవడం తప్ప నాకేమీ రాదు. ఆయన అరిచే మనిషి కాదు. తప్పు చేస్తే స్టూలు లాక్కుని పక్కన కూర్చునేవాడు, అంతే. ఆ చప్పుడుకే నేను మౌస్ వదిలేసేదాన్ని. ఒకసారి సినిమా విడుదలకు అభిమానులు వచ్చి, హీరో చెయ్యి చాచి ఆపుతున్నట్టు ఫ్లెక్సీ కావాలన్నారు. వాళ్ళిచ్చిన ఫోటోలో కుడి చెయ్యి మణికట్టు దగ్గరే తెగిపోయింది. బాబాయి వెళ్ళి గోడ ముందు కుడి చెయ్యి చాచాడు.

"నా చెయ్యి ఫోటో తియ్యమ్మా, అతికిద్దాం."

"హీరోకి మీ చెయ్యేంది బాబాయ్!"

"చెయ్యిని ఎవడు చూస్తాడులే. తియ్యి."

తీశాను. ఆయన జుమ్మా నమాజుకు వెళ్ళాడు. అతికించి చూస్తే వెలుతురు హీరో ముఖం మీద ఒక వైపు, చేతి మీద ఇంకో వైపు పడుతోంది. నా తెలివికి నేనే మురిసిపోతూ చేతిని అద్దంలోలా తిప్పేశాను. వెలుతురు కుదిరింది. బొటనవేలు అటు మారిపోయిందని చూసుకోలేదు. ప్రింటుకు పంపేశాను.

మర్నాటికి అవతలి హీరో అభిమానులు రెండూ ఎడమ చేతులేనని నవ్వుతూ దాన్ని ఫోటో తీసి ఊరంతా తిప్పారు. ఇవతలి వాళ్ళు షాపు మీదికి వచ్చారు.

"ఎవరు చేశారయ్యా దీన్ని? చానా పరువు పోయింది మాది!"

నేను కంప్యూటర్ వెనక్కి జరిగాను.

"నేనే చేశా. కళ్ళజోడు పెట్టుకోలా," అన్నాడు బాబాయి.

ఆ తర్వాత అభిమాన సంఘాల వాళ్ళెవరూ ఆ గడప తొక్కలేదు. తోటి షాపుల వాళ్ళు ఎగతాళి చేస్తే ఆయన తలూపి ఊరుకునేవాడు. నా దగ్గర మాత్రం స్టూలు లాక్కుని కూర్చుని, "ముఖం అందరూ చూస్తారమ్మా. చేతులు మనమే చూసుకోవాల," అన్నాడు.

ఎవరో ఆ ఫ్లెక్సీలోంచి హీరోను కత్తిరించి, పైన మాటలకు చోటు వదిలారు. అది ఎవరైనా మాటలు రాసుకునే మీమ్ టెంప్లేట్ అయిపోయింది. ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. పోటీ అభిమానులు కావాలనే చేశారని కామెంట్లలో రాస్తుంటారు. "తప్పు నాది, చెయ్యి మా బాబాయిది" అని ఎన్నిసార్లో టైపు చేసి చెరిపేశాను. ముందు ఆయన దగ్గరికి వెళ్ళాలి, ఆ రోజు నోరు విప్పనందుకు క్షమించమనాలి అనుకునేదాన్ని. బస్సెక్కితే నరసరావుపేట ఎంత దూరం? రేపు, ఎల్లుండి అంటుండగానే పోయిన ఏడాది ఆయన పోయాడు.

ఇప్పుడు ఏ ఫైలైనా ముందు చేతులు చూస్తాను. మా షాపులో ఎవరు తప్పు చేసినా కస్టమర్ల ముందు "నేనే చేశా" అంటాను. ఆయనంత తేలిగ్గా అనలేను. మొన్న చెల్లెలికి నిజం చెప్పేశాను.

"ఎలా ఉండేవాడక్కా ఆయన? ఫోటో ఉందా?" అంది.

ఫోను, పాత కంప్యూటర్ అన్నీ వెతికాను. ఒక్కటే దొరికింది. ఆ రోజు తీసిన అసలు ఫోటో. గోడ, మణికట్టు దాకా కుడి చెయ్యి. చెయ్యి తియ్యమన్నాడు, చెయ్యే తీశాను. ఇంకో రెండడుగులు వెనక్కి జరిగి ఉంటే ముఖం కూడా పడేది.